క్విల్ట్ ముక్కల కుట్లకు ఇస్త్రీ: ఎటు మడవాలి, దేనితో అదమాలి

క్విల్ట్ అంటే గుడ్డ ముక్కల పై పొర, మధ్యలో దూది, అడుగున గుడ్డ, ఈ మూడింటినీ కలిపి కుట్టిన బొంత. ఆ పై పొర కోసం గుడ్డ ముక్కలు కలిపి కుట్టడం మొదలుపెట్టినవారిలో చాలామంది ముందుగా అడిగేది, ఏ ఇస్త్రీ పెట్టె కొనాలి అని. నా దృష్టిలో అది చివరగా అడగవలసిన ప్రశ్న. కుట్టు వెనుక మిగిలే రెండు గుడ్డ అంచులను, అంటే మార్జిన్‌ను, రెండూ కలిపి ఒక పక్కకు మడవాలా, లేక విప్పి చెరొక పక్కకు పరచాలా అన్నది మొదట తేలాలి. ఆ తరువాత ఆవిరి కావాలా వద్దా, ఎలాంటి పరుపు మీద అదమాలి, అసలు వేడి అక్కరలేకుండా వేలితోనో చెక్కతోనో పని జరుగుతుందా అన్నవి ఒకదాని వెంట ఒకటి తేలుతాయి. అవన్నీ తేలేసరికి ఇంట్లో ఉన్న పెట్టె చాలునో చాలదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఎంపిక లేదు. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ముందుకూ వెనక్కూ నడుపుతాము. ముక్కలు కలిపేటప్పుడు అలా నడపకూడదు. పెట్టెను కుట్టు మీద దించి, రెండు మూడు సెకన్లు ఉంచి, ఎత్తి, పక్కన మళ్లీ దించాలి. నేత గుడ్డ పడుగు దిశలో దాదాపు సాగదు, పేక దిశలో కొద్దిగా సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. త్రిభుజంగా కోసిన ముక్కకు సాధారణంగా కనీసం ఒక అంచు ఐమూలగానే పడుతుంది కాబట్టి, వేడి పెట్టెను దాని మీద నడిపితే ఆ అంచు పెట్టె వెంట వచ్చేస్తుంది, మళ్లీ పూర్తిగా వెనక్కి పోదు.

దీన్ని నేను పుస్తకంలో చదివి కాక, చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను. నా మొదటి పెద్ద క్విల్ట్‌కు, రెండు త్రిభుజాలు కలిపితే ఒక చదరం అయ్యే బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టి పై పొరలో పేర్చే భాగాలు, 48 చేశాను. ఒక్కొక్కటి ఆరున్నర అంగుళాలు రావాలి. నిండుగా ఆవిరి వదులుతూ, చొక్కాకు చేసినట్లే పెట్టెను అటూ ఇటూ నడుపుతూ అన్నింటినీ నున్నగా చేసి, దొంతరగా పేర్చి, ఆ దొంతరను చూసి మురిసిపోయాను. మరునాడు స్కేలు పెట్టి కొలిస్తే ఒక వైపు ఆరున్నర, మరో వైపు ఆరూ ముప్పావు. కొన్ని బ్లాకులు చదరాలుగా కాక, ఒక మూల పట్టి లాగిన రుమాలులా ఉన్నాయి. కుట్టు తిన్నగానే ఉంది, కోత సరిగానే ఉంది. తప్పంతా ఇస్త్రీ బల్ల మీదే జరిగింది. అన్నింటినీ ఆరు అంగుళాలకు కత్తిరించి, క్విల్ట్‌ను అనుకున్నదానికంటే చిన్నదిగా ముగించాను.

ఇంకొక చిన్న అలవాటు కూడా ఎంపిక ఏదైనా పాటించదగినదే. మిషన్ మీద నుంచి తీసిన వెంటనే జతను విప్పకుండా, కుట్టు మూసి ఉన్న స్థితిలోనే ఒకసారి పెట్టె అదిమితే, దారం గుడ్డలోకి కూరుకుని, కుట్టేటప్పుడు ఏర్పడిన చిన్న చిన్న ముడతలు సర్దుకుంటాయి. ఆ తరువాత విప్పి మడిస్తే మడత కుట్టు రేఖ మీదే పదునుగా పడుతుంది. అలా పడకపోతే ముందు వైపు కుట్టు పక్కన సన్నని ముడత మిగిలిపోతుంది, చేత్తో తడిమితే తప్ప అది తెలియదు. ఒక వరుసలో 12 ముక్కలుంటే 11 కుట్లుంటాయి. ఒక్కొక్క కుట్టు దగ్గర ఒక్క మిల్లీమీటరు గుడ్డ ముడతలో దాక్కున్నా, వరుస 11 మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. పక్క వరుసలో ఆరే ముక్కలుంటే అది 5 మిల్లీమీటర్లే తగ్గుతుంది. రెండు వరుసలు ఎందుకు కలవడం లేదని తల పట్టుకునేవారిలో చాలామందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల మార్జిన్‌ను ఒక దారం మందం తక్కువగా పట్టి కుట్టమని అనుభవజ్ఞులు చెప్పేది కూడా ఈ మడత తినే గుడ్డను లెక్కలో పెట్టుకునే.

ఒక పక్కకు మడవడమా, విప్పి పరచడమా

ఈ రెండు పద్ధతుల మధ్య వాదం పాతది. చేతికుట్టు కాలంలో మార్జిన్‌ను ఒక పక్కకు మడవడమే నియమంగా ఉండేది, దానికి గట్టి కారణమూ ఉంది. చేతి కుట్టులో దారం ఒక్కటే, కుట్ల మధ్య సందు ఎక్కువ. విప్పి పరిస్తే ఆ సందుల గుండా మధ్య పొరలోని దూది బయటకు పొడుచుకు రావచ్చు, లాగుడు భారమంతా దారం మీదే పడవచ్చు. మిషన్ కుట్టులో పై దారమూ బాబిన్ దారమూ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, కుట్లు దగ్గరగా పడతాయి. కాబట్టి ఆ పాత నియమం నేడు అంత గట్టిగా వర్తించదు. అలాగని అది పనికిరానిదీ కాదు.

ఒక పక్కకు మడవడంలో అసలు లాభం రెండు వరుసలు కలిపేటప్పుడు కనిపిస్తుంది. పై వరుసలో మార్జిన్లు కుడికీ, కింది వరుసలో ఎడమకూ మడిచి ఉంటే, ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒక మడత గట్టు మరొక మడత గట్టుకు ఆనుకుని ఆగిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా జరిపితే రెండు గట్లూ తాళం పడినట్లు కుదురుకోవడం వేలికే తెలుస్తుంది, గుండుసూది కూడా చాలాసార్లు అవసరం ఉండదు. కేవలం చదరాలతో సాగే క్విల్ట్‌లో దీనికి మించిన సౌకర్యం లేదు. అందుకే బేసి వరుసలు ఒక వైపు, సరి వరుసలు మరొక వైపు అని కుట్టక ముందే కాగితం మీద బాణాలు గీసుకోవడం మంచిది. "ముదురు రంగు వైపు మడవాలి" అన్న మాటను కంఠస్థం చేసినవారు ఈ బాణాలను మరచిపోతారు. ముదురు గుడ్డ మార్జిన్ లేత గుడ్డ కిందకు వెళితే నీడలా కనిపిస్తుందన్నది నిజమే, కానీ దానికి మరొక మందు ఉంది: ముదురు మార్జిన్‌ను లేత మార్జిన్ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు సన్నగా కత్తిరిస్తే, లేతది దాన్ని కప్పేస్తుంది. వరుసలు కుదురుకోవడానికీ రంగు నీడకూ పోటీ వస్తే నేను కుదురుకోవడాన్నే ఎంచుకుంటాను.

ఒక పక్కకు మడవడంలో నష్టం మందం. నాలుగు చదరాలు కలిసే చోటును తీసుకుందాం. రెండు వరుసల మార్జిన్లూ పొరపాటున ఒకే పక్కకు మడిచి ఉండి, వాటిని కలిపిన కుట్టును కూడా ఒక పక్కకే మడిస్తే, ఆ కూడలిలో ఒక మూలన గుడ్డ తొమ్మిది పొరలవుతుంది. మార్జిన్లు ఎదురెదురు దిశల్లో ఉంటే అది ఏడుకు తగ్గుతుంది. అన్నింటినీ విప్పి పరిస్తే నాలుగు మూలల్లోనూ నాలుగేసి పొరలే ఉంటాయి. నలుచదరపు ముక్కల దగ్గర ఏడు పొరలను మిషన్ పెద్దగా పట్టించుకోదు. అదే ఎనిమిది త్రిభుజాల కొసలు ఒకే బిందువులో కలిసే గాలిమర, నక్షత్రం వంటి బ్లాకుల్లో ఆ బిందువు చిన్న గుండీలా ఉబ్బి నిలుస్తుంది. తరువాత మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు గుడ్డను అదిమి పట్టే మిషన్ పాదం (ప్రెసర్ ఫుట్) అక్కడికి వచ్చి ఆగిపోతుంది, సూది వంగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది.

అటువంటి చోట్ల విప్పి పరచడమే సరైనది. బ్లాక్ చదునుగా పడుతుంది, కొసలు ఎక్కడ కలుస్తున్నాయో రెండు వైపుల నుంచీ స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఇందులో వరుసలు వాటంతట అవి కుదురుకోవు. కూడలిలో గుండుసూదిని నిలువుగా గుచ్చి, పైనా కిందా కుట్టు రేఖలు కలిశాయని చూసుకుని, దానికి అటూ ఇటూ రెండు సూదులు పెట్టుకోవాలి. సమయం కూడా ఎక్కువ పడుతుంది. కుట్టు నిడివిని మామూలు 2.5 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్లకు తగ్గించడం అవసరం, ఎందుకంటే విప్పిన కుట్టులో దారం మీద లాగుడు ఎక్కువగా పడుతుంది, చివరలు ఊడి రావడమూ తేలిక. అన్నింటికంటే ముఖ్యంగా, రెండు ముక్కలు కలిసే గీతలోనే, అంటే కుట్టు గాడిలోనే, మూడు పొరలనూ కలిపే క్విల్టింగ్ కుట్టు నడపాలనుకునేవారు విప్పి పరచకూడదు. ఆ గాడి కింద గుడ్డ ఉండదు, దారమే ఉంటుంది. సూది ఆ దారాన్నే పొడుస్తుంది, కొత్త కుట్టుకు పట్టు దొరకదు. ఒక పక్కకు మడిచిన కుట్టులో మాత్రం ఎత్తైన వైపు అంచు పక్కనే, పల్లంగా ఉన్న వైపు సూదిని నడపడానికి చక్కని దారి దొరుకుతుంది. అంటే క్విల్టింగ్ ఎలా చేయబోతున్నామన్నది మొదటి ముక్కను కుట్టక ముందే కొంతవరకైనా తెలిసి ఉండాలి.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటి ఉంది. నాలుగు ముక్కల బ్లాకులో చివరి కుట్టు వేశాక, దానికి బయట మార్జిన్‌లో ఉన్న నిలువు కుట్టును రెండు మూడు కుట్ల మేర విప్పేస్తే, కూడలి దగ్గర మార్జిన్లు నాలుగూ ఒకే తిరుగుడులో, గడియారం ముల్లు తిరిగినట్లు, పడుకుంటాయి. వెనుక వైపు మధ్యలో గోరంత నాలుగు ముక్కల బ్లాక్ ఒకటి పూవులా విచ్చుకుంటుంది. వరుసలు కుదురుకునే సౌకర్యమూ పోదు, మందమూ నాలుగు మూలలకు పంచబడుతుంది. చదరాల పనిలో ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన పద్ధతి. ప్రతి కూడలీ ఒకే తిరుగుడులో ఉండాలంటే బ్లాకులన్నీ ఒకే దిశలో మిషన్‌లోకి వెళ్లాలి. ఒక్కటి తలకిందులైనా దాని పక్క బ్లాకుతో కలిపేటప్పుడు మార్జిన్లు ఒకే వైపు వచ్చి గుద్దుకుంటాయి.

కొన్ని బ్లాకులకు ఆలోచించవలసిన పనే లేదు. మధ్య చదరం చుట్టూ పట్టీలు వేసుకుంటూ పోయే బ్లాకులో ప్రతి మార్జిన్‌నూ కొత్తగా వేసిన పట్టీ వైపు, అంటే బయటకే మడవాలి. బ్లాకుల మధ్య పట్టీలు వస్తే పట్టీ వైపు, చుట్టూ అంచు వస్తే అంచు వైపు మడవాలి. కుట్లు ఎక్కువగా ఉన్న వైపు ఎప్పుడూ మడత పడడానికి మొండికేస్తుంది, సాదా గుడ్డ ఉన్న వైపు మాట వింటుంది.

ఆవిరి, పొడి వేడి, గంజి

నూలు గుడ్డ మడత పట్టడానికీ వదలడానికీ వేడి ఒక్కటే కాదు, తేమ కూడా కారణం. నూలు పోగులోని సెల్యులోజ్ గొలుసులను పట్టి ఉంచే బంధాలు నీటితో సడలుతాయి, ఆరి చల్లబడినప్పుడు కొత్త స్థితిలో మళ్లీ బిగుసుకుంటాయి. ఆవిరితో మడత అంత పదునుగా పడడానికి ఇదే మూలం. ఐమూల అంచు ఆవిరితో అంత సులభంగా సాగిపోవడానికీ ఇదే మూలం. ఒకే గుణం మంచికీ చెడుకీ పనిచేస్తుంది కాబట్టి, ఆవిరి మంచిదా చెడ్డదా అని కాక, ఎప్పుడు వాడాలి అని అడగడమే సరైనది.

బ్లాక్ తయారవుతున్నంత సేపూ నేను పొడి వేడినే వాడతాను. బ్లాక్ పూర్తయి, దాని చుట్టూ అంచులన్నీ పడుగు పేకల దిశలో ఉన్నాయని తేలాక, చదునుగా పరచి ఒక్కసారి ఆవిరితో అదుముతాను, చల్లారేదాకా కదపను. ఈ చల్లారేదాకా అన్న మాటను చాలామంది గాలికి వదిలేస్తారు. వేడిగా ఉన్న ముక్కను చేతితో ఎత్తితే దాని బరువుకే అది సాగుతుంది. దట్టమైన కలపతో చేసిన, రంగు గానీ వార్నిష్ గానీ వేయని చెక్క దిమ్మెను వేడి కుట్టు మీద పది సెకన్లు పెట్టి ఉంచితే, అది వేడినీ తేమనూ పీల్చుకుని కుట్టును రేకులా చదును చేస్తుంది. విప్పి పరచిన కుట్లకు ఈ దిమ్మె చేసే మేలు, వెయ్యి వాట్లు అదనంగా ఉన్న పెట్టె కూడా చేయదు.

ఆవిరిని పూర్తిగా మానవలసిన సందర్భాలూ ఉన్నాయి. కాగితం మీద గీసిన నమూనాపై నేరుగా కుట్టే పనిలో ఆవిరి తగిలితే కాగితం ముడుచుకుంటుంది, కొలత మారిపోతుంది; అచ్చు సిరా పెట్టె అడుగుకు అంటి అక్కడి నుంచి గుడ్డకు ఎక్కే ప్రమాదమూ ఉంది. ఉతకని ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డలు తెల్ల గుడ్డ పక్కన ఉన్నప్పుడు కూడా ఆవిరి వద్దు. తడిపిన తెల్ల గుడ్డపీలికను ఆ ముదురు గుడ్డ మీద పెట్టి పెట్టెతో అదిమితే రంగు దిగుతుందో లేదో నిమిషంలో తేలుతుంది.

గంజి విషయంలో నా అభిప్రాయం మరింత స్పష్టం: కోయక ముందు పెట్టాలి, కుట్టిన తరువాత కాదు. కోయక ముందు గుడ్డ మొత్తానికి పలుచగా గంజి పెట్టి, పూర్తిగా ఇంకనిచ్చి, ఇస్త్రీ చేస్తే అది కాగితంలా నిలుస్తుంది, ఐమూల అంచు కూడా మాట వింటుంది. కుట్టిన బ్లాక్ మీద గంజి చల్లితే తడికి కొన్ని గుడ్డలు ముడుచుకుంటాయి, కొన్ని ముడుచుకోవు, బ్లాక్ వంకరపోతుంది. గంజి ఇంకక ముందే పెట్టె పెడితే పైన తెల్లని పొలుసులు కడతాయి, పెట్టె అడుగున అంటుకున్న గంజి మాడి గోధుమ రంగు మరకలు వదులుతుంది. గంజి పెట్టిన గుడ్డను ఏళ్ల తరబడి బీరువాలో ఉంచడం కూడా మంచిది కాదు, పిండి పదార్థానికి వెండిచేప పురుగులు వస్తాయి. ఉతికే ఉద్దేశం లేని గోడ క్విల్ట్‌కు గంజి తక్కువగా పెట్టడమే మేలు.

పరుపు, పెట్టె, వేడి లేని సాధనాలు

మామూలు ఇస్త్రీ బల్ల బట్టల కోసం చేసినది. స్పాంజి పొర మెత్తగా ఉంటుంది, ఒక కొస సన్నగా ఉంటుంది, పెద్ద బ్లాక్ సగం గాలిలో వేలాడుతుంది. మెత్తటి పరుపులో కుట్టు కూరుకుపోయి చుట్టూ ఉన్న గుడ్డ సాగుతుంది. ఒక ప్లైవుడ్ పలక మీద నూలు దుప్పటిని రెండు మడతలుగా పరచి, పైన గట్టి కాన్వాసు గుడ్డను బిగించి కట్టి, ఆ బల్ల మీద పెట్టుకుంటే చాలు, అది ఖరీదైన పరికరాలతో సమానంగా పనిచేస్తుంది. ఊలు మ్యాట్ మరో మంచి ఎంపిక. అది వేడిని పట్టి ఉంచి కింది నుంచి తిరిగి ఇస్తుంది కాబట్టి రెండు వైపులా ఒకేసారి అదిమినట్లవుతుంది, గుడ్డ జారకుండా పట్టుకుంటుంది కూడా. అయితే ఊలు తేమను పీల్చి కింద ఉన్న బల్లకు చేరవేస్తుంది. పాలిష్ చేసిన బల్ల మీద దాన్ని నేరుగా పరచి ఆవిరి వాడితే తెల్లని మచ్చ పడుతుంది. తడిసిన ఊలు వాసన కొందరికి పడదు. ఎక్కువగా పొడి వేడి వాడేవారికి, చిన్న బ్లాకులు చేసేవారికి ఊలు మ్యాట్. నిండా ఆవిరి వాడేవారికి, పొడవైన వరుసలు అదిమేవారికి కాన్వాసు పలక. గుడ్డ కోసుకునే ప్లాస్టిక్ మ్యాట్ మీద మాత్రం ఎప్పుడూ పెట్టె పెట్టకూడదు, అది వంగిపోయి మళ్లీ చదును కాదు.

పెట్టె విషయానికి వస్తే, బరువైన, అడుగు పలకకు రంధ్రాలు లేని పాతకాలపు పొడి పెట్టె ఇప్పటికీ ముక్కల పనికి గొప్పగా పనికొస్తుంది. రంధ్రాల చోట వేడి గానీ ఒత్తిడి గానీ పడదు, త్రిభుజపు కొసలు వాటిలో చిక్కుకుని మడతపడతాయి. ఆవిరి పెట్టె ఇప్పటికే ఉంటే అందులో నీళ్లు పోయకుండా వాడుకోవచ్చు, వేరే కొననక్కరలేదు. తీగ లేని పెట్టె చేతికి హాయిగా ఉంటుంది కానీ ప్రతి కొన్ని అదుములకూ దాన్ని పీఠం మీద పెట్టి వేడెక్కనివ్వాలి. కుట్టడం, అదమడం మార్చి మార్చి చేసేవారికి అది ఇబ్బంది కాదు, యాభై జతలు వరుసగా అదిమేవారికి ఓపిక పోతుంది. అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె మిషన్ పక్కనే పెట్టుకోవడానికీ, విప్పి పరిచే కుట్లలోకి కొసను దూర్చడానికీ బాగుంటుంది. వాటిలో కొన్నింటికి వేడి తగ్గించే మీట ఉండదన్నది కొనేముందు చూసుకోవాలి.

వేడి ఎంత అన్నదానికి పెట్టె మీదా గుడ్డ చీటీ మీదా ఉండే చుక్కలే ఆధారం: ఒక చుక్క సుమారు 110, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200 డిగ్రీల సెల్సియస్ వరకు. శుద్ధ నూలుకు మూడు చుక్కలు, పాలిస్టర్ కలిసిన గుడ్డకు రెండు. దారాన్ని మరచిపోకూడదు. మంచి పాలిస్టర్ దారం నూలు వేడికి సాధారణంగా తట్టుకుంటుంది, కానీ కనిపించని నైలాన్ దారం వాడితే వేడి తగ్గించాలి, లేకపోతే కుట్టే కరిగిపోవచ్చు. మధ్య పొర (బ్యాటింగ్) పాలిస్టర్‌దైతే మూడు పొరలూ కలిపాక దాని మీద వేడి పెట్టె అదమకూడదు. ఉబ్బు పోయి, లోపలి పొర అట్టలా అణిగిపోతుంది. ఇస్త్రీ పనంతా పై పొర విడిగా ఉన్నప్పుడే ముగించుకోవాలి.

వేడి లేని సాధనాలను పిల్లల ఆటవస్తువుల్లా చూడనక్కరలేదు. గోరుతో గీయడం, చెక్క బద్దతో ఒత్తడం, కుట్టు మీద దొర్లించే చిన్న రోలరు, ఇవన్నీ బ్లాక్ మధ్య దశలకు సరిపోతాయి. కాగితం నమూనా పనిలో ప్రతి ముక్కకూ లేచి ఇస్త్రీ బల్ల దగ్గరకు వెళ్లనక్కరలేకుండా రోలరు పని కానిస్తుంది. రోలరును ఐమూల అంచు వెంట గట్టిగా లాగితే అదీ సాగదీస్తుంది. కుట్టు మీద నిలువుగా ఒత్తుతూ నడపాలి. గోరుతో చేస్తే వెలిగే దీపానికి ఎదురుగా పట్టి చూడాలి, గోరు పదును పలుచని గుడ్డలో పోగులను జరుపుతుంది. చివరి అదుము మాత్రం వేడితోనే పడాలి, వేలితో పడిన మడత రాత్రికి సగం లేచిపోతుంది.

వేళ్లు, తీగ, నిప్పు

భద్రత దృష్ట్యా చూస్తే ఒక పక్కకు మడవడం, విప్పి పరచడం సమానం కావు. రెండవదానిలో మార్జిన్లను వేలితో విడదీస్తూ వెనకాలే పెట్టె కొసను నడిపిస్తాము, అంటే వేలి కొసకూ 200 డిగ్రీల లోహానికీ మధ్య దూరం అంగుళం కూడా ఉండదు. ఆవిరి ఉంటే అంగుళం కూడా చాలదు, ఆవిరి గుడ్డ గుండా పక్కలకు పాకుతుంది. ముందు చెక్క బద్దతో కుట్టు పొడవునా విప్పుకుని, తరువాత చేయి తీసేసి పెట్టెను దించితే ఈ ప్రమాదమే ఉండదు. ఎంత వేగంగా చేయగలమన్న గర్వం ఉన్నవారికే వేళ్లు కాలతాయి. నా చూపుడువేలు మీది చిన్న మచ్చ ఆ గర్వం గుర్తే. కాలితే వెంటనే ఉంగరం, గాజు వంటివి తీసేసి, ధారగా పడే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. మంచు ముక్క, వెన్న, టూత్‌పేస్ట్ రాయకూడదు. పెద్ద బొబ్బ వచ్చినా, చర్మం తెల్లబారినా, నల్లబడినా వైద్యుని చూడాలి.

2,000 వాట్ల పెట్టె 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. సన్నని తీగతో, 5 లేదా 6 ఆంపియర్ల కోసం చేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు దాన్ని తగిలించి, అదే బోర్డుకు మిషన్‌నూ దీపాన్నీ కలపడం గది మూలలో నిప్పు పెట్టుకోవడమే. తీగ చుట్ట చుట్టి ఉంటే వేడి లోపలే నిలిచి మరింత వేడెక్కుతుంది. పెట్టెను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టుకోవాలి, తీగ నడిచే దారికి అడ్డంగా ఉండకూడదు. గంటల తరబడి మిషన్‌కూ ఇస్త్రీ బల్లకూ మధ్య తిరిగే ఈ పనిలో పెట్టె ఎక్కువ సేపు ఊరికే వేడిగా నిలబడి ఉంటుంది. అందుకే తనంతట తాను ఆగిపోయే పెట్టె వల్ల ఇక్కడ ఉపయోగం ఎక్కువ. అటువంటి అనేక మోడళ్లలో పెట్టె బోర్లా పడి కదలకుండా ఉంటే సుమారు అర నిమిషంలోనూ, నిలబెట్టి ఉంటే సుమారు ఎనిమిది నిమిషాల్లోనూ ఆగిపోతుంది. పొడవాటి వరుస కుట్టి వచ్చేసరికి పెట్టె చల్లబడి ఉందని విసుక్కునేవారు ఆ సౌకర్యం లేని పెట్టెను కొంటారు. చిన్న పిల్లలో పెంపుడు జంతువులో తిరిగే ఇంట్లో ఆ విసుగును భరించడమే మంచిదని నా సలహా. ఒత్తితే చిమ్మే గంజి డబ్బాలపై మండే స్వభావం గల వాయువు ఉందన్న హెచ్చరిక ఉంటే, వేడి పెట్టెకు దూరంగా, గాలి వచ్చే చోట చల్లాలి. నున్నని నేల మీద పడిన గంజి జారుడు కూడా.

ఏ పనికి ఏది

పూర్తిగా చదరాలతో, తొలిసారి క్విల్ట్ కుడుతున్నవారు ఒక పక్కకు మడవడం, పొడి వేడి, కాన్వాసు పలక, ఇంట్లో ఉన్న పెట్టె, ఇంతటితో మొదలుపెట్టవచ్చు; ఇంకేమీ కొననక్కరలేదు. త్రిభుజాలు, నక్షత్రాల వైపు మనసు పోతున్నవారు కోయక ముందు గంజి, కొసలు కలిసే కుట్లను విప్పి పరచడం, చెక్క దిమ్మె, ఈ మూడింటినీ కలుపుకోవాలి. ఒకే బ్లాకులో రెండు పద్ధతులూ కలిపి వాడడంలో తప్పేమీ లేదు. కొసలు కలవని కుట్లు ఒక పక్కకు, కలిసే కుట్లు రెండు పక్కలకు, అని నేను చాలా బ్లాకులు చేశాను. పిల్లల కోసం, తరచుగా ఉతికే క్విల్ట్‌కు సాధ్యమైనంతవరకు ఒక పక్కకే మడవడం మేలు, లాగుడును దారంతో పాటు గుడ్డ మడత కూడా పంచుకుంటుంది.

దిశ తప్పి మడిచిన కుట్టును కొత్త దిశలోకి బలవంతంగా తోయడం వల్ల పాత మడత గీతగా మిగిలిపోతుంది. అలాంటప్పుడు ముక్కలను మళ్లీ ముఖాముఖిగా మూసి, వేలితో కొద్దిగా తడి అద్ది, మూసి ఉన్న కుట్టునే అదిమి, పాత మడత పూర్తిగా పోయి గుడ్డ చల్లారాక, అప్పుడు విప్పి సరైన పక్కకు మడవాలి. వరుసలు కలిపేశాక తప్పు కనబడితే, రెండు కూడళ్ల మధ్య మార్జిన్ అటు తిరిగి ఇటు తిరిగి మెలిపడి ఉంటుంది. ఆ మెలిక చిన్నదైతే వెనుక మార్జిన్‌లో ఒక చిన్న గాటు పెట్టి చదును చేయవచ్చు, గాటు కుట్టుకు రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ఆగాలి. పెద్దదైతే ఆ కూడలి దగ్గర రెండు అంగుళాల కుట్టు విప్పి మళ్లీ వేయడమే దారి.